తెల్లబట్టల డ్యూటీ

ఎడపల్లి దాటాక బస్సు చెరుకు బండిని గుద్దిందన్న కబురు వచ్చేసరికి జహూర్ నాలుగో వికెట్టు తీసి, బంతిని తొడకు రుద్దుకుంటున్నాడు. సైకిలు మీద వచ్చినవాడు నేరుగా షామియానా కిందికి పోయి డిపో మేనేజరు చెవిలో ఏదో చెప్పాడు. మేనేజరు తలాడించి, తిరిగి ఏదో చెప్పి పంపాడు గానీ ఆట ఆపించలేదు. అవతలి డిపో జట్టుకు ఇంకా పదహారు పరుగులే కావాలి మరి. కాసేపటికి జహూర్ తన ఐదో వికెట్టు కూడా తీశాడు, దాంతో అవతలి జట్టు ఆలౌటయింది. అందరూ అతని భుజాల మీద చేతులేసి ఎగిరారు. అప్పటికి తోటి డ్రైవరు రాజలింగు చనిపోయి గంట దాటింది.

గెలిచాక మేనేజరు అతన్ని పక్కకు పిలిచాడు.

"నీ బండికి యాక్సిడెంటయింది. రాజలింగు పోయాడు."

జీపెక్కమంటే జహూర్ ఎక్కి కూర్చున్నాడు.

బండి జహూర్‌దే, తోలింది మాత్రం రాజలింగు. ఆ డిపోలో దీన్ని తెల్లబట్టల డ్యూటీ అనేవారు. ఆటకు సెలవివ్వడానికి హెడ్డాఫీసు ఒప్పుకోదు, కప్పు మాత్రం కావాలంటుంది. అందుకని మేనేజరు ఒక దారి కనిపెట్టాడు. మ్యాచి ఉన్న రోజు ఆటగాడు తెల్లవారుజామున వచ్చి, డ్యూటీ రిజిస్టరులో తన బండికి ఎదురుగా సంతకం పెట్టి మైదానానికి పోతాడు. ఆ రోజు వారపు సెలవున్నవాడెవడో వచ్చి బండి తోలుతాడు. వాడికి భోజనానికి రెండు రూపాయలిస్తారు, ఇంకో రోజు సెలవిస్తామంటారు. ఆ ఇంకో రోజు ఎన్నడూ రాదు. మూడేళ్ళుగా నడుస్తున్నా దాన్ని ఎవరూ తప్పనుకోలేదు, జహూర్ కూడా.

రాజలింగు ముందురోజు హైదరాబాదు బస్సు తెచ్చి ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము మూడయింది. ఆరింటికి మళ్ళీ డిపోలో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు ఆడుపో తమ్మీ. నీ బండి నేను తోల్త గని, ఐదు తియ్యాలె" అన్నాడు. అభిమానంతోనే అంటున్నాడని జహూర్ అనుకున్నాడు. అభిమానం ఉన్నమాట నిజమే. కానీ మేనేజరు రాసిన పేర్ల జాబితా చూసి కాదనే ధైర్యం ఆ డిపోలో ఎవరికుంది? ఆ సంగతి జహూర్‌కు తెలియదా? తెలుసు. తెలియనట్టు ఉంటే సుఖంగా ఉంటుందని ఊరుకున్నాడు.

జీపులో మేనేజరు తాపీగా చెప్పుకొచ్చాడు.

"రిజిస్టరులో నీ సంతకముంది కాబట్టి బండి నువ్వే తోలావు. బ్రేకులు పట్టలేదు, దూకేశావు, దెబ్బ తగల్లేదు. రాజలింగు సెలవు రోజు, ఊరికే ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు. అంతే. బెయిలు మేం ఇప్పిస్తాం. ఆర్నెల్లు సస్పెన్షను, సగం జీతం వస్తుంది. వచ్చే సీజనుకు మళ్ళీ జట్టులో ఉంటావు."

"కండక్టరేమన్నడు సార్?"

"రాసిచ్చేశాడు."

"ప్యాసింజర్లు?"

"డ్రైవరు మొహం ఎవడు చూస్తాడయ్యా?"

"నేను గ్రౌండుల ఉన్నది అందరు జూసిండ్రు గద సార్."

"ఆ అందరూ మన సంస్థ స్టాఫే. స్కోరు పుస్తకం నా బీరువాలో ఉంటుంది. కాదు కూడదంటే, దొంగ సంతకం పెట్టినవాడివి నువ్వే అవుతావు. ఉద్యోగమూ పోతుంది, కేసూ తప్పదు. ఇక నీ ఇష్టం."

ఆ ఉద్యోగం బంతి పెట్టిన భిక్షే. టైర్ల దుకాణంలో రోజుకు రూపాయిన్నరకు పంచర్లు వేసుకునేవాణ్ణి బౌలింగు చూసి తెచ్చి, లైసెన్సు ఇప్పించి, నూట ముప్పై రూపాయల జీతం మీద కూర్చోబెట్టింది ఈ మేనేజరే. ఇంట్లో మాసూమా, ముగ్గురు పిల్లలు ఆ జీతం మీదే బతుకుతున్నారు. జీపు ముందు ఆసుపత్రి దగ్గర ఆగింది, జహూర్ ఒక్కడే లోపలికి పోయాడు.

ఆసుపత్రి వరండాలో రాజలింగు భార్య సాయవ్వ గోడకు ఆనుకుని ఉంది. ఒళ్ళో భర్త ఖాకీ అంగీ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. జహూర్ తెల్లబట్టలను కిందినుంచి పైదాకా చూసింది.

"గెలిచిండ్రా తమ్మీ?"

జహూర్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పొద్దుగాల గదే అనుకుంట పోయిండు. రెండు గంటలు గూడ పండలే. లేపకపోతే బాగుండు, నేనే లేపిన." మళ్ళీ అంది. "ఆఫీసాయన అచ్చి చెప్పిండు. టికెట్ లేకుంట ఎక్కిండట, గందుకని పైసలేం రావట. పదిహేడేండ్లు బస్సు తోలినోనికి టికెటేంది తమ్మీ?"

ఆమె అంగీని ముందుకు జరిపింది.

"గిది సూడు. పొద్దుగాల డ్రైవరు ఇత్తడి బిళ్ళ నేనే పెట్టిన. ఇప్పుడు లేదు. పెట్టిన కాడ బట్ట చినిగింది. ఎవలు గుంజుకున్నరు?"

జేబు మీద రూపాయంత చిరుగు. సూదితో పెట్టిన బిళ్ళ దానంతట అది ఊడితే బట్ట అలా చినగదు. శవం మీది నుంచి ఎవరో గబగబా లాగేశారు. డ్యూటీలో లేనివాడి మీద బిళ్ళ ఉండకూడదు కదా. జహూర్‌కు తను పొద్దున పెట్టిన సంతకం గుర్తొచ్చి తన చెయ్యి మీద తనకే అసహ్యం పుట్టింది.

"అడుగుత వదినె" అని లేచాడు.

పోలీసు స్టేషను ముందు జీపు ఆగింది. మేనేజరు సీటు కింది నుంచి ఖాకీ బట్టల మూట తీశాడు.

"ఇవి వేసుకుని లోపలికి పద. తెల్లబట్టలతో పోతే ఏం బాగుంటుంది?"

"రాజలింగన్న బిళ్ళ ఏది సార్?"

"స్టోర్సులో జమ అయింది. అది సంస్థ ఆస్తి. ఇప్పుడదెందుకు?"

ఎంత మామూలుగా అన్నాడు! రెంచీ సంగతో, టైరు సంగతో చెప్పినట్టు. జహూర్ మూట అందుకున్నాడు. విప్పలేదు. సీటు మీద పెట్టి జీపు దిగాడు.

"జహూర్, పిల్లలున్నవాడివి."

"రాజలింగన్నకు గూడ ఉన్నరు సార్."

మెట్లెక్కాడు. తెల్ల ప్యాంటు తొడ మీద బంతి రుద్దిన ఎర్రమరక అరచేతంత ఉంది. లోపల ఇన్‌స్పెక్టరు తలెత్తాడు.

"ఎవలయ్యా?"

"ఎడపల్లి కాడ గుద్దిన బండి డ్రైవర్ని సాబ్. రిజిస్టరుల పేరు నాదే."

"డ్రైవర్‌వా? మరి గీ బట్టలేంది?"

"గదే రాసుకోమని అచ్చిన సాబ్. బండి తోలింది నేను గాదు."

ఇన్‌స్పెక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు, కలం చేతిలోకి తీసుకున్నాడు. మూత మాత్రం తియ్యలేదు. జహూర్ భుజం మీదుగా, గుమ్మం బయట ఇంజను ఆపకుండా నిలబెట్టిన జీపు వైపు చూస్తున్నాడు.