మిద్దె మీద సముద్రపు పాచి

సముద్రపు పాచి కూడా చేపల్లాగా నీచేనని తేల్చేసింది పంచవర్ణం అవ్వ. మనవరాలు దర్శిని కాలేజీ పరిశోధన కోసం రామేశ్వరం వైపు నుంచి తెప్పించి మిద్దె మీద ఆరబెట్టిన పాచినంతా అవ్వే తీసి వీధిలో కుమ్మరించింది.

దర్శిని కిందికి పోయి, అంతా ఏరుకొచ్చి, మళ్లీ అక్కడే పరిచింది.

"నీచు ముట్టని ఇల్లు ఇది. చేపల కంపు కొడతా ఉంది, తీసెయ్," అంది అవ్వ.

"చేప కాదవ్వా, నీళ్లలో మొలిచేది. దీని రసం పడినచోట పుండ్లకు చీము పట్టించే బ్యాక్టీరియా పెరగలేదు. నా కండ్లతో చూసినాను. తీయను."

"నా ఇంట్లో నా మాటే."

దర్శిని కింద తమ అంగడిలోంచి ఒక పొట్లం తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. అందులో తెల్లటి చైనా గ్రాస్ పోగులున్నాయి. ప్రతి ఏకాదశికీ అవ్వ పాలలో కాచి, గడ్డకట్టించి, దేవుడికి నైవేద్యం పెట్టి తినేది వాటినే.

"ఇదీ సముద్రపు పాచిలోంచి తీసిందే. తాత కాలం నుంచి అమ్ముతా ఉండాము. ముందు నువ్వు దీన్ని వీధిలో పొయ్, తర్వాత నేను నాది పోస్తాను."

అవ్వ పొట్లం వదల్లేదు. మొహం పక్కకు తిప్పుకొని, "వానొచ్చేలాగుంది. లోపల పెట్టుకో," అంది.

దర్శిని పాచిని చేటలోకి ఎత్తుకొని నేరుగా వంటింట్లోకే నడిచింది.