దుమ్ము తప్పుకునే మనిషి

పొద్దున బస్సు వచ్చే వేళకి కసహారా వాళ్ల అటక కిటికీ మూసెయ్యాలి. అక్కడ మొదటి పని అదే. సువా సరస్సు ఒడ్డు మట్టిరోడ్డు మీద ఆ బస్సు పోయిందంటే దుమ్ము ఇంటి చూరు దాకా లేస్తుంది. అక్కడ పనిచేసే నొబుకో కిటికీ మూసేది. సెయిజో నేలంతా నీళ్లు చల్లేవాడు. అందరూ మొహాలు కడుక్కుని తుడుచుకోకుండానే నిచ్చెన ఎక్కేవాళ్లు. ఉన్ని బట్టలు కుదరవు, మొహానికి పౌడరు అసలే కుదరదు. ఆఖర్న ఫుసాయె వచ్చి గది మధ్యలో తన మెత్త మీద కూర్చునేది. మిగతావాళ్లు పీటలు లాక్కుని, కుంపటి చుట్టూ చేరినట్టు ఆవిడ చుట్టూ చేరేవాళ్లు.

దుమ్ము ఫుసాయె దగ్గరికి రాదు మరి. బారెడు దూరంలో ఆగి, ఏట్లో రాయిని తప్పుకుని నీళ్లు పోయినట్టు పక్కనుంచి పోతుంది. పుట్టినప్పటినుంచీ అంతే. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఆవిడకి ఇది. దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. "అక్కా, కాస్త ఇటు జరుగు, నా లెన్సు నీ బారెడుకి బయట పడింది" అనేవాళ్లు, అంతే.

కసహారా యుద్ధకాలంలో నేవీకి దుర్భిణీల అద్దాలు అరగదీసేవాడు. యుద్ధం ఓడిపోయాక జేబులో నాలుగు లెన్సులేసుకుని ఇంటికొచ్చాడు. వాళ్లమ్మ తొమె అవ్వ పట్టుపురుగులు పెంచిన అటక ఖాళీగా పడుంది. పట్టు కొనే నాథుడు లేడు. అక్కడే కూర్చుని కెమెరా ఒకటి తయారు చేశాడు. నొక్కితే పిచ్చుక గింజ పొడిచినట్టు చప్పుడయ్యేది, అందుకని దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. మొదటిది బంగాళాదుంపలకి పోయింది. తర్వాతవి అమెరికా సిపాయిలు కొన్నారు. ఆ తర్వాత టోక్యో వ్యాపారి ఒకడు ఓడకెక్కించడం మొదలెట్టాడు. "జర్మనీ వాళ్లది చూసి చేసిందేగా" అని ఊళ్లో ఎగతాళి చేస్తే, "చూసే చేశా. చూడకుండా చెయ్యడానికి నేనేమన్నా గుడ్డివాణ్ణా?" అనేవాడు.

ఫుసాయె పట్టుదారం తీసే మిల్లు మూతపడితే ఊడవడానికి వచ్చింది. మొగుడు యుద్ధంలో, దక్షిణ సముద్రాల్లో పోయాడు. అస్థికలని చెప్పి తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఒకటి ఇంటికొచ్చింది. ఊపితే లోపల గులకరాయి. ఏడవాల్సిందంతా ఏడ్చి, ఆ రాయిని పాతిపెట్టి, పన్లోకొచ్చింది. చీపురు తగలకముందే దుమ్ము పారిపోవడం కసహారా చూశాడు. చేతిలో చీపురు లాక్కుని మెత్త వేశాడు.

ఇక కూర్చోవడమే ఉద్యోగం.

మొదటి చలికాలం ఒకసారి ఆవిడకి జ్వరమొచ్చింది. ఆవిడ లేకుండానే సరుకు పంపారు. ఎగుమతి తనిఖీ వాళ్లు లెన్సు వెనక దీపం పెట్టి చూస్తే లోపలంతా నలకలే. మొత్తం వెనక్కొచ్చింది. ఆ చలికాలం అందరూ బార్లీ గంజి తాగారు. చెయ్యి కాలాక పొయ్యి దగ్గరికి ఎవరు పోతారు? ఆవిడ లేకుండా మళ్లీ ఒక్క మర కూడా బిగించలేదు. ఆవిడ దొడ్డివైపు పోవాలని లేస్తే చాలు, అందరూ లెన్సుల మీద గిన్నెలు బోర్లించి చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు.

"అక్కా, టీ తగ్గించవే తల్లీ. నువ్వు లేచినప్పుడల్లా కంపెనీ మూతపడుతోంది" అనేవాడు సెయిజో.

అలా ఏళ్లు గడిచాయి. ఫుసాయెకి కాళ్లు ఒకటే పీకేవి. అన్నం నిలబడి తినేది. మధ్యాహ్నం సరస్సు గట్టున అటూ ఇటూ తిరిగొచ్చేది. రాత్రి పడుకున్నా కాళ్లు దుప్పటి తన్నేసేవి. కింద బస్సు హారన్ వినబడితే మోకాళ్లు వాటంతటవే కదిలేవి. బస్సులో టికెట్లు కొట్టడానికి ఆడపిల్లలు కావాలని డిపో గోడమీద కాగితం అంటించారు. ఆవిడకేమో ముప్పై నాలుగు.

"ఈ వయసులో కండక్టరుగిరీయా? నువ్వు పోతే మేం ఏం తినాలే, గాలా?" అంది తొమె అవ్వ.

"పోతానన్నానా అవ్వా?"

"నోటితో అనలేదు. నీ కాళ్లు అంటున్నాయి."

కసహారా మాత్రం "పోవాలంటే పో, నేనాపను" అనేవాడు. అడ్డం నిలబడినవాణ్ణి తోసుకుపోవచ్చు. పక్కకి తప్పుకున్నవాణ్ణి ఏం చేస్తాం? ఫుసాయె మళ్లీ మెత్త మీద కూలబడేది.

డిసెంబరు పదమూడున ఇల్లంతా బూజు దులపడం అక్కడి ఆనవాయితీ. ఆకులు తియ్యని వెదురు గడలు పట్టుకుని అందరూ దూలాల మీద పడేవాళ్లు. ఫుసాయెని తలుపుచెక్క మీద కూర్చోబెట్టి గదిగదికీ ఊరేగించేవాళ్లు. ఆ మూలా ఈ మూలా చూపిస్తే దుమ్ము దానంతటదే బయటికి నడిచేది.

"నా పక్కబట్టలు దులిపితే ఏమీ రాలడంలేదక్కా" అంది నొబుకో చెక్క మోస్తూ. "దులపకుండానే దులిపానంటున్నానని మా అత్త ఒకటే సణుగుడు."

"మీ అత్తకి కళ్లు మసకబారాయిలే" అంది ఫుసాయె.

దులపడం అయ్యాక ఒకరిని చేతుల మీద పైకి ఎగరెయ్యడం కూడా ఆనవాయితీయే. ఏటా ఓనరునే ఎగరేసేవాళ్లు. ఆ ఏడు కసహారాకి నడుం పట్టేసింది.

"అయితే అక్కని!" అన్నాడు సెయిజో.

వద్దు వద్దంటుండగానే ఫుసాయె గాల్లో ఉంది.

పెద్ద దూలం దాకా పోయింది. దాని మీద తొమె అవ్వ అత్తగారి కాలంనాటి మసి ఉంది. వెదుర్లకి అందనిది. ఫుసాయె దగ్గరికొచ్చేసరికి ఆ మసి బెదిరి, కుప్పగా కిందికి దూకింది. అయిపోయార్రా, అందరూ బొగ్గులైపోతారు అనుకుని ఆవిడ కిందికి చూసింది.

మసి నొబుకో నెత్తిమీదికి వచ్చి రెండుగా చీలి పక్కకి పోయింది. సెయిజో చుట్టూ చాట వెడల్పున తప్పుకుంది. కసహారా చుట్టూ అంతే. టీలు మాత్రమే మోసే తొమె అవ్వకి కూడా ముంత మూతంత చోటు వదిలింది. వాళ్లకి తెలీదు. ఆవిడ మధ్యలో ఉంటే ఆవిడ బారెడులో వీళ్ల జానెడు కలిసిపోయేది. పైనుంచి చూస్తేనే కనబడింది.

"ఇంకోసారి!" అని అరిచింది కింద పడుతూనే.

"ఏమే, చిన్నపిల్లవా?"

"ఎగరెయ్యండంటుంటే!"

రెండోసారీ అదే చూసింది. మూడోసారి కిందికి చూళ్లేదు. అటక చూరు సందులోంచి కొండమీదికి పోయే రోడ్డు కనబడింది. దాన్నే చూసింది.

కింద నిలబడగానే కసహారాతో చెప్పేసింది. "ఈసారి సరుక్కి నేను కూర్చోను."

ఆయన మొహం పాలిపోయింది. "జ్వరమా?"

"కాదు. మీకందరికీ అంటుకుంది."

"జ్వరమా!"

"కాదయ్యా బాబూ, నాది. దుమ్ము మిమ్మల్నీ తప్పుకుంటోంది. మీ బట్టలు చూసుకోండి."

చూసుకున్నారు. అంత మసి రాలినా ఎవరి భుజం మీదా చుక్క లేదు.

"అదీ సంగతి! మా అత్తకి చెప్పాలి" అంది నొబుకో.

కసహారా మాత్రం ఇంకా చేతులు నలుపుకుంటూనే ఉన్నాడు. "మళ్లీ వెనక్కొస్తే ఈసారి టోక్యో వాడు మనల్ని వదిలేస్తాడు. అటక అమ్ముకోవాల్సిందే."

"సరుకు వెనక్కొస్తే నేనూ వెనక్కొస్తా. చచ్చేదాకా కూర్చుంటా. మెత్త అక్కడే ఉంచండి."

తను లేకుండా సరుకు తయారై తనిఖీకి పోయిన ఆ రోజుల్లో ఫుసాయె ఇంట్లో నిలవలేకపోయింది. సరస్సు గడ్డకట్టి, మంచు పగిలినప్పుడల్లా ఊరంతా మోగేది. ఆ గట్టు మీదే తెగ తిరిగింది. సరుకు బాగుంటే తను ఎవరికీ అక్కర్లేదు. పాడైతే తనకిక రోడ్డు లేదు. ఏది కావాలో కాళ్లకి తెలుసు. మనసే ఎటూ తేల్చుకోలేకపోయింది.

ఒక మధ్యాహ్నం నొబుకో గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా! పాసయింది! ఒక్క నలక లేదట!" ఊపిరి తీసుకుని, "మెత్త తీసేశాం. ఆ చోట్లో ఇంకో పీట పడుతుందని" అంది.

ఫుసాయెకి లోపల ఎక్కడో కలుక్కుమంది. నువ్వడిగిందేగా ముండా, అని తనని తనే తిట్టుకుని డిపో వైపు నడిచింది.

డిపో ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "పెళ్లికాని పిల్లలు కావాలమ్మా. నీ వయసు వాళ్లు కాదు."

"ఒక్క ట్రిప్పు ఎక్కించి చూడండి" అంది ఫుసాయె.

ఆ ట్రిప్పులో నల్ల పట్టుబట్టలు కట్టుకుని పెళ్లికి పోయే ముసలాయన ఒకడున్నాడు. ఫుసాయె ఆయన పక్కనే నిలబడింది, కిటికీలన్నీ తెరిచే కొండెక్కారు. దిగేటప్పుడు ఆయన అలవాటుగా భుజాలు దులుపుకోబోయి, దులపడానికి ఏమీ లేక చెయ్యి దించేశాడు. అది చూశాక డిపో ఆయన ఇంక వయసు మాటెత్తలేదు. యూనిఫారం టోపీ ఇచ్చాడు. అది కొంచెం బిగుతు.

మంచు కరిగాక ఒక పొద్దున ఆవిడ బస్సు కసహారా ఇంటి ముందు నుంచి పోయింది. వేళకి సరిగ్గానే పోయింది. అటక కిటికీ తెరిచే ఉంది. లోపలినుంచి నొక్కి చూస్తున్న పిచ్చుక కెమెరాల చప్పుడు, సెయిజో నవ్వు, ఎవరో టీ అడగడం వినబడ్డాయి. ఎవరూ తొంగి చూళ్లేదు. పన్లో ఉన్నారు.

కొండమీద ఆఖరి స్టాపులో డ్రైవరు బండి ఆపి సిగరెట్టు ముట్టించాడు. ఫుసాయె దిగి, కనుమ అవతలికి పోయే రోడ్డు దగ్గర నిలబడింది.

"ఇది ఎటు పోతుందయ్యా?"

"మన బస్సు ఇక్కడిదాకే."

"బస్సు సంగతి కాదు. రోడ్డు ఎటు పోతుందని."