డిస్కు వెనక గుర్తు

వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, కారు ముందు భాగాన్ని జాకీతో పైకి లేపుతున్నంతసేపూ అతను భార్యతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సిందంతా పొద్దున టీ దగ్గరే అయిపోయింది.

"బ్రేకు డిస్కుల వెనకాల నేను పంచ్‌తో కొట్టిన గుర్తు ఉందంటే, మీ చిన్నోడు వాటిని మార్చలేదన్నట్టే. పాతవే తిప్పి బిగించి, కొత్తవి నొక్కేశాడన్నట్టే. ఇక ఆ తర్వాత నువ్వు వాడి గడప తొక్కడానికి వీల్లేదు."

"గుర్తు లేకపోతే?" అంది ఆమె.

"లేకపోతే నేనే వాడి షెడ్డుకెళ్ళి, పదిమంది ముందూ తప్పయిందని చెప్తా."

ఆమె గ్లాసు కడిగి బోర్లించేదాకా ఆలోచించి, "సరే" అంది. పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది ఆ ఒక్క తమ్ముడే. ఎనిమిది నెలలుగా ఆ తమ్ముడి పేరెత్తితే చాలు, ఇంట్లో పళ్ళెం చప్పుడు పెరుగుతోంది. ఇటో అటో తేలిపోతే మేలనుకుంది.

అతను పనిచేసే, ఇనుము చెక్కే లేతు షాపులో అతన్ని అందరూ వెర్నియర్ అంటారు. ఇనుప ముక్కల మందం కొలిచే ఆ పనిముట్టు ముప్పై ఏళ్ళుగా అతని చొక్కా జేబులోనే ఉంది. ఇంటికొచ్చినా తీయడు. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, తనను మోసం చేయాలంటే మాత్రం పెద్ద చదువులు చదివి రావాలని అతని నమ్మకం. మిక్సీ బాగుకిచ్చినా, ఫ్యాను చుట్టించడానికిచ్చినా ముందు లోపలి ముక్క మీద ఎవరికీ కనపడని చోట, పంచ్ అనే మొనదేరిన ఉక్కు కడ్డీతో కొట్టి చిన్న గుర్తు పెడతాడు. మార్చామని చెప్పి తెచ్చిచ్చాక విప్పి చూస్తాడు. ఇద్దరు ముగ్గురు నిజంగానే దొరికిపోయారు. ఆ రోజుల్లో అతను పండక్కి కొత్త బట్టలు కట్టినవాడిలా తిరిగాడు.

బావమరిది కథ వేరు. వాడు రెండు వీధుల అవతల సొంతంగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. ఎనిమిది నెలల కిందట ముందు బ్రేకుల డిస్కులు అరిగిపోయాయని ఇతనే కొలిచి తేల్చి, కొత్తవి తెచ్చి, కారుతో సహా వాడి షెడ్డులో పెట్టాడు. పనంతా పక్కనే నిలబడి చూశాడు. ఒక్క పది నిమిషాలు మాత్రం ఫోనొస్తే వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. వచ్చేసరికి చక్రాలు బిగించేసి ఉన్నాయి. "పాతవి ఏవిరా?" అంటే, "తుక్కుబండివాడు ఇప్పుడే వెళ్ళాడు బావా, వేసేశా" అన్నాడు వాడు, చేతులు తుడుచుకుంటూ.

ఆ పది నిమిషాలూ, ఆ తుక్కుబండీ అతని బుర్రలోంచి పోలేదు. పైగా మూడు నెలలు తిరక్కుండానే బ్రేకు తొక్కితే స్టీరింగు వణకడం మొదలైంది. భార్య ఆసుపత్రిలో నర్సు. రోజూ ఆ కారులోనే కొండవాలు రోడ్డు దిగి డ్యూటీకి వెళ్తుంది. "చేతులు తిమ్మిరెక్కుతున్నాయి" అని ఆమె అన్నప్పుడల్లా, "మీ చిన్నోణ్ణి అడుగు" అనేవాడు. మళ్ళీ షెడ్డుకి పంపమంటే ససేమిరా అన్నాడు. చివరికి మళ్ళీ కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు కొనుక్కొచ్చి, నా చేతులు లేవా అని ఈ ఆదివారం ఇంటి ముందే పని పెట్టుకున్నాడు.

చక్రం ఊడదీసి, కారు కిందకి తోశాడు. జాకీ జారినా చక్రం అడ్డుంటుందని. ఆమె నట్లు పట్టే రేకు డబ్బాతో మెట్టు మీద కూర్చుంది.

"ఆ తీగ ముక్క ఇలా ఇవ్వు."

డిస్కును రెండు వైపులా ప్యాడ్లతో పట్టుకునే క్యాలిపర్‌ని విప్పి, ఆయిలు గొట్టం మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగుకి వేలాడదీశాడు. పాత ప్యాడ్లు లాగి చూశాడు. ఒకటి ఏటవాలుగా అరిగింది.

"చూశావా, ఎలా తిందో. పాత డిస్కు మీద కొత్త ప్యాడు పెడితే ఇలాగే తింటుంది."

"గుర్తు చూశాక మాట్లాడండి" అంది ఆమె.

డిస్కును పట్టి ఉంచే చిన్న స్క్రూ మొరాయించింది. సుత్తితో రెండు దెబ్బలు వేసి తిప్పాడు. వచ్చింది. డిస్కు మాత్రం తుప్పుతో, చక్రం బిగించే హబ్బుకి అతుక్కుపోయింది. వెనక నుంచి చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. ఒక్కసారిగా ఊడి, ఒళ్ళో పడింది. గుడ్డతో వెనక ముఖం తుడిచాడు. హబ్బు మీద ఆనుకుని కూర్చునే ఆ చదును చోట, బోల్టు కన్నం పక్కన, ఆవగింజంత గుంట.

తనదే. ఆ పంచ్ మొన తనే నూరాడు. ఆ గుంట ఆకారం వెయ్యి గుంటల్లో ఉన్నా గుర్తుపడతాడు.

"ఇటు రా" అన్నాడు, కేక వేయకుండా. కేక వేయాల్సిన అవసరం కూడా లేదన్నట్టు. "వేలు పెట్టి చూడు."

ఆమె వేలు పెట్టి చూసింది. మొహం కడిగిన పలకలా అయిపోయింది. డబ్బా కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అతనికి ఈల వేయాలనిపించింది. ఎనిమిది నెలలు! ఎంతమంది అన్నారు, సొంత బావమరిదిని అనుమానిస్తావేమయ్యా అని. సొంతవాళ్ళే మరి! బయటివాడు మోసం చేస్తే కనీసం మనం కాచుకుని ఉంటాం. ఆ ఉత్సాహంలోనే కొత్త డిస్కు డబ్బా చింపాడు. తుప్పు పట్టకుండా పూసిన నూనెను థిన్నరు గుడ్డతో తుడిచాడు. వైరు బ్రష్షుతో హబ్బు మీది తుప్పంతా రాల్చాడు. తర్వాత, చెయ్యి దానంతటదే పోయినట్టు, పంచ్ తీసి కొత్త డిస్కు వెనక ముఖం మీద నిలబెట్టి సుత్తి ఎత్తాడు.

"చిన్నోణ్ణి రమ్మన్నా" అంది ఆమె గుమ్మంలోంచి. చేతిలో ఫోను. "ఎందుకో చెప్పలేదు. నా కళ్ళ ముందే మీరు అడగండి." అని, అతని చేతిలోది చూసి ఆగింది. "అదేంటి, కొత్తదానికి కొడుతున్నారు?"

"ముందు జాగ్రత్త. ఇవాళ కొత్తది, రేపు పాతదవుతుంది. అప్పుడు మార్చేవాడు దొంగో దొరో తెలియాలి కదా."

"అది సరే. మరి ఈ పాతదాని వెనకాల ఎలా కొట్టారు?"

"ఎలా కొట్టానంటే? పంచ్‌తో."

"అది కాదండీ. బండి కొన్నప్పటి నుంచీ ఆ పాతవి బండికే ఉన్నాయి. చిన్నోడు విప్పేదాకా ఎవరూ విప్పలేదు. ఇందాక మీరు సుత్తితో బాదితే గానీ ఊడలేదు. వెనకవైపు మీ పంచ్ ఎలా దూరింది?"

సుత్తి గాల్లోనే ఉండిపోయింది.

ఎక్కడో లోపల ఒక దృశ్యం కదిలింది. వంటింటి బల్ల మీద పరిచిన పాత పేపరు. దాని మీద మెరుస్తున్న రెండు కొత్త డిస్కులు. 'కూరగాయలు తరిగే చోట ఆ నూనె కంపేంటి' అని ఈవిడ కసురుకోవడం. బావమరిది కొత్తవి నొక్కేసి నాసిరకం బిగిస్తాడేమోనని, షెడ్డుకి తీసుకెళ్ళే ముందు, ఠక్కు ఠక్కున రెండు దెబ్బలు. ప్రతిసారీ పాతదానికే గుర్తు పెట్టే అలవాటు. ఆ ఒక్కసారి పాతవాటి వెనక్కి చెయ్యి పోదు గనక కొత్తవాటికి పెట్టాడు. అనుమానం ఎనిమిది నెలలు పొయ్యి మీదే ఉడికింది గానీ, అందులో ఏం వేశాడో మర్చిపోయాడు.

"కొలవండి" అంది ఆమె.

"ఏంటి?"

"జేబులో ఉందిగా. కొలవండి."

ఇంటి పక్కన కారు పెట్టుకునే షెడ్డు తలుపు మీద పెన్సిలుతో రాసిన అంకె ఇంకా ఉంది. పాత డిస్కుల మందం, ఆ రోజు తనే కొలిచి రాసుకున్నది. పంతొమ్మిది పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. అరిగినది మళ్ళీ పెరగదు. వెర్నియర్ తీసి, ఒళ్ళోని డిస్కుకి పట్టించాడు. అంకె చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోచోట పట్టించాడు.

"ఎంత?"

ఆమెకు ఆ గీతలు చదవడం రాదు. ఏం చెప్పినా చెల్లుతుంది. పంతొమ్మిదిన్నర అంటే చాలు, పందెం నిలబడుతుంది, మాట నిలబడుతుంది, ఎనిమిది నెలల కోపం నిలబడుతుంది. మనుషుల మీద ఎన్ని మాటలన్నా అన్నాడు గానీ, ముప్పై ఏళ్ళలో కొలత మీద మాత్రం అబద్ధం ఆడి ఎరగడు.

"ఇరవై ఒకటిన్నర" అన్నాడు.

ఆమె తలుపు మీది అంకె వైపు చూసింది, అతని వైపు చూసింది.

"అయినా పందెం మీరే గెలిచారు. గుర్తు ఉందిగా" అంది.

"వెటకారం ఆపు. కొత్తవే బిగించాడు, సరే. మరి ఆ వణుకు ఎందుకొచ్చింది? ఏదో చేశాడు వాడు. ఊరికే వణకదు."

చెప్పుల చప్పుడైంది. బావమరిది గేటు తీసుకుని వచ్చాడు. చేతిలో సామాన్ల సంచి ఉంది. ఆదివారం పిలిచారంటే పనికేనని తెలుసు వాడికి. పైకి లేచి ఉన్న కారు చూశాడు, అక్క మొహం చూశాడు, బావ ఒళ్ళోని డిస్కు చూశాడు.

"ఓహో, విప్పేశావా బావా. నన్ను పిలిస్తే కరుస్తానా?"

"వణుకు ఎందుకొచ్చిందో చెప్పు."

వాడు డిస్కు అందుకుని వెనక్కి తిప్పాడు. ఆ గుంట మీద గోరు పెట్టి గీకాడు. గోరు గుంటలో దిగక ముందే, దాని గట్టు మీద టక్కుమని తట్టుకుంది.

"ఇందుకు" అన్నాడు.

అతనికి వేరే చెప్పక్కర్లేదు. లేతు మనిషి. పంచ్ దెబ్బ కొడితే గుంట చుట్టూ లోహం అంచులా లేస్తుంది. కూర్చునే ముఖం మీద వెంట్రుకవాసి గట్టు లేచినా డిస్కు తిన్నగా కూర్చోదు, తిరిగేటప్పుడు ఊగుతుంది. ఊగి ఊగి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరుగుతుంది. షాపులో పనివాళ్ళు ఇలాంటి గట్టు తీయకుండా ముక్క బిగిస్తే, వాళ్ళ నాన్నలదాకా వెళ్ళి తిడతాడు తను.

"నీకు అప్పుడే తెలుసా?" అన్నాడు.

"చూశా. నీ గుర్తేనని తెలిసింది, ఈ ఊళ్ళో ఇంకెవడు పెడతాడు? సానరాయి పెట్టి రుద్దేద్దామని తీశా కూడా. కానీ నువ్వు ఫోన్ పెట్టేసి ఏ క్షణంలోనైనా వచ్చేస్తావు. రుద్దుతుండగా చూస్తే గుర్తు చెరిపేస్తున్నానంటావు. చెరిపేసి ఏం మార్చావంటావు. నాకెందుకొచ్చిన గొడవని బిగించేశా. ఇంత వణుకుతుందనుకోలేదు." వాడు అక్క వైపు తిరిగాడు. "తప్పేనక్కా. నువ్వు నడిపే బండి. రుద్దాల్సింది."

"ఇద్దరూ ఇద్దరే" అంది ఆమె. "ఐదారు నెలలుగా వణికినవి నా చేతులు."

బావమరిది కొత్త డిస్కు తీసుకుని, పంచ్ మొన ఆని కాస్త నలుపు పడ్డ చోట వేలితో తుడిచి, అతనికి అందించాడు.

"కొట్టుకోవాలంటే కొట్టుకో బావా. కానీ అంచు మీద కొట్టు. కూర్చునే చోట వద్దు."

వాడు నవ్వుతున్నాడా, నవ్వడం లేదా? అలవాటు కొద్దీ వాడి మొహమంతా వెతికాడు అతను. ఏమీ తేలలేదు. పంచ్ తీసి డబ్బాలో, నట్ల మధ్యలో పడేశాడు.

"నువ్వే బిగించు" అన్నాడు.

"నువ్వు చూడవా?"

"టీ పెడతా."

భార్య అతన్ని ఎప్పుడూ చూడనట్టు చూసింది. వంటింట్లో కిటికీ తెరిస్తే కారు కనిపిస్తుంది. అతను కిటికీకి వీపు పెట్టి, గిన్నెలో నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించి నిలబడ్డాడు. క్యాలిపర్ లోపలి పిస్టను వెనక్కి నొక్కుతున్న కిర్రుమనే చప్పుడు. క్యాలిపర్ బోల్టులు, రెండు. చక్రం ఎత్తి పెట్టిన దబ్బు. నట్లు. ఒకటి బిగిసింది. రెండు. మూడు. నాలుగోది రాలేదు.

నీళ్ళు మరుగుతున్నాయి. వెనక్కి తిరగబోయి, పొయ్యి గట్టు పట్టుకున్నాడు. ఇంకా రాలేదు. ఏం చేస్తున్నాడు వాడు? మెడ నరాలు లాగుతున్నాయి. పది లెక్కపెట్టాడు. పదిహేను.

కిర్రు... టక్.

"డబ్బాలో అడుగున, నీ పంచ్ కింద ఇరుక్కుంది బావా!" బయట్నుంచి వాడి గొంతు. "ఈ చక్రానికి నాలుగూ అయ్యాయి. లెక్క సరిపోయిందా?"

భార్య నవ్వడం వినిపించింది. ఆ నవ్వు విని ఎనిమిది నెలలైందని అతనికి అప్పుడు తట్టింది. గిన్నె దించాడు. మూడు గ్లాసులు తీశాడు. కిటికీ వైపు తిరక్కుండానే అరిచాడు.

"ఒరేయ్, రేపు షెడ్డు ఎన్నింటికి తీస్తావు?"

"తొమ్మిదింటికి బావా. ఎందుకు?"

భార్యే జవాబు చెప్పింది.

"పదింటికి వస్తార్లేరా. అప్పటికైతే పదిమందీ చేరతారు."