కరెంటు పోయినా నిలిచిన ఫారం

2007 జూన్ 17, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఆళ్లగడ్డ ఇంటర్నెట్ సెంటర్‌లో ముగ్గురే ఉన్నారు: యజమాని నతానియేలు, దరఖాస్తులు నింపిపెట్టే జీవమ్మ, నంద్యాల నుంచి బస్సులో దిగిన కంప్యూటర్ అధ్యాపకుడు రాజశేఖర్.

దరఖాస్తు సగంలో ఉండగా కరెంటు పోతే, రుద్రవరం నుంచి వచ్చిన రైతు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చేది. అది చూడలేక జీవమ్మ, కొట్టిన ప్రతి అక్షరాన్నీ అప్పటికప్పుడే బ్రౌజర్‌లో దాచే ప్రోగ్రాము రాసింది. నిరుడు దాన్ని ఫ్లాపీలో ఇచ్చి, దిద్దిపెట్టమని రాజశేఖర్‌ను అడిగింది. వెబ్ ఫారాలు తయారు చేసుకునేందుకు ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా మెరుగుపరచగల ప్రోగ్రాముల లైబ్రరీ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. రాసినవారి పేరు ఫైలు మొదట్లో ఉండటమే అక్కడ దక్కే ప్రతిఫలం. రాజశేఖర్ ఆ ప్రోగ్రామును పైపైన సర్ది, తన పేరుతో దానికి పంపాడు. కాలేజీలో శాలువా కప్పారు. దాని మడత ఆయన నేటికీ విప్పలేదు. ఇప్పుడా లైబ్రరీవారు, ఇది స్వయంగా రాసిందేనని కాగితం మీద సంతకం చేసి పోస్టులో పంపమన్నారు. తొమ్మిది రోజులు ఆయన కలం కదలలేదు.

“ఏంది సార్, ఈ ఎండలో?”

“నీ ప్రోగ్రాము నా పేరుతో పంపినా, జీవమ్మా.”

ఆమె తల తిప్పలేదు. “తెలుసు సార్. ఉగాదప్పుడే చూసినా. పైన మీ పేరుండాది. లోపల నేను చేసిన తప్పొకటి అట్లే ఉండాది.”

నతానియేలు పకపక నవ్వాడు. “తప్పు పాపది, పేరు సారుదా!”

“మరి అడగలేదే?” అన్నాడు రాజశేఖర్.

“మీరే చెప్తారేమోనని చూస్తాండా.”

ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, లైబ్రరీవారి సైటులో రచయిత పేరు సవరించే ఫారం తెరిచి, జరిగినదంతా కొట్టసాగాడు. చివరి వాక్యం సగంలో ఉండగా ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. గుండె మీది బరువు దిగినట్లయింది. ఆ ఊరటే, చేసిన దొంగతనం కంటే ఎక్కువగా ఆయనను సిగ్గుతో దహించింది.

“నాలుగింటికి బస్సుందమ్మా. ఇంకోనాడు…”

“కూర్చోండి సార్. అది యాడికీ పోదు.”

బయట బస్సు హారను మోగింది, దూరమైంది. నలభై నిమిషాలకు కరెంటు వచ్చింది. జీవమ్మ కంప్యూటరు వేసి, ఆ ఫారం తెరిచింది. ఆ సైటు కూడా ఆమె ప్రోగ్రామునే వాడుతోంది. ఒక్క అక్షరం పోలేదు. సగంలో ఆగిన వాక్యమూ ఉంది: ఆమె అనుమతి ఉందనే నమ్మకంతో నేను…

“అనుమతి నేనెప్పుడిచ్చినా సార్?”

రాజశేఖర్ తల వంచుకుని ఆ వాక్యాన్ని చెరిపేశాడు. ఫారం పంపాడు. జీవమ్మ దాన్ని ప్రింటు తీసి ముందు పెడితే, చెమట చేత్తో సంతకం చేశాడు.

“పోస్టులో పంపాలి గదా?”

“పంపేదానికి వేరేది తీస్తాలే సార్. ఇది నాకు.”

ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సొరుగులో అడుగున పెట్టి, తాళం వేసింది.