తలుపు బయటి అంకెలు

దేవనహళ్ళి దగ్గర ఓ కోల్డ్ స్టోరేజీలో, మైనస్ పద్దెనిమిది డిగ్రీల గదిలో, పచ్చిబఠాణీ పెట్టెల మధ్య సహన చిక్కుకుపోయి పావుగంట దాటింది. లోపలి గొళ్ళెం ఊడి చేతికొచ్చింది. ఫోను బయట లాకర్లో ఉంది. మెడలో మాత్రం పనివాళ్ళందరికీ ఇచ్చే ట్యాగు ఉంది. దాని బటన్ నొక్కితే మనిషి ఎక్కడున్నదీ సెక్యూరిటీ కేబిన్‌లోని తెర మీద చుక్కలా కనిపిస్తుంది.

నొక్కింది. తలుపుకున్న చిన్న అద్దం మీది మంచు గోకి చూసింది. గార్డు చిక్కమునియప్ప పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు తలుపు దాటి, వెనక లారీ షెడ్డు వైపు వెళ్ళిపోయాడు! ఆమె కేకలు కంప్రెసర్ మోతలో కలిసిపోయాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ షెడ్డుకే పరుగు.

ఎందుకో సహనకు తెలియకేం? చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. ట్యాగు సిగ్నల్ ఏ చోట ఎంత బలంగా అందుతుందో ముందే కొలిచి రాసిపెడితే, ఆ అంకెలతో పోల్చి కంప్యూటర్ చోటు చెబుతుంది. రెండు నెలల కిందట ఆ కొలతలు తీసింది ఆమే, తోటి ఉద్యోగి అశోక్‌కుమారూ. చలికి జడిసి ఈ గదిలో అడుగుపెట్టకుండా, తలుపు బయట నిలబడి లెక్క పూర్తి చేశారు. ఇనుప గోడలు సిగ్నల్‌ని మింగేస్తాయి. అంత బలహీనమైన సిగ్నల్ కాగితాల ప్రకారం ఒక్క లారీ షెడ్డుకే ఉంది.

ఈ సంగతి అశోక్‌కీ తెలుసు. ఈపాటికి వాడు మేనేజరు ప్రేమ్ కుమార్ పక్కనే నిలబడి తెర చూస్తూంటాడు. ఒక్క మాట చెబితే ఆమె బతుకుతుంది, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. చెప్పరా నాయనా, అనుకుంది. వేళ్ళు మొద్దుబారాయి. చచ్చిపోతానని భయం వేసింది, వాడి మీద అంతకు మించిన కోపం వచ్చింది.

తలుపు తెరుచుకుంది.

"ఆ చుక్కని నమ్మేకి కాదని ఒక్కొక్క తలుపూ తీసుకుంటా వస్తా ఉండానమ్మా," అన్నాడు చిక్కమునియప్ప, తన కోటు ఆమెకు కప్పుతూ. వెనకే మేనేజరూ అశోకూ వచ్చారు. అశోక్ తల ఎత్తలేదు.

"సిస్టమ్ షెడ్డులో ఎందుకు చూపించింది?" అడిగాడు మేనేజరు.

అశోక్ నోరు ఎందుకు పెగల్లేదో సహనకు అప్పుడు తెలిసింది. "తెలీదు సార్," అంది.

"తెలీదంటే ఎట్లమ్మా?" చిక్కమునియప్ప కంగారుపడ్డాడు. "మా ఇంటిదానికి రేపట్నించి ఈ రూములోనే కదా పని!"

సహన కళ్ళు మూసుకుంది. "లోపల కొలవలేదు సార్. బయటే నిలబడి రాసినాం."

పళ్ళు టకటకా కొట్టుకుంటూంటే ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. "ఏమన్నావ్?" అని మేనేజరు దగ్గరికి వంగాడు. కావాలంటే ఇంకేదైనా చెప్పేయొచ్చు. సహన పళ్ళ వణుకు ఆపుకుని, అదే మాట మళ్ళీ చెప్పింది.