రోంత తీపి, రోంత ఉప్పు

ఆ ఇంట్లో వంట చేసేది జైనబక్క, రుచి చూసేది నేను. రంజాన్ నెలంతా ఇదే వరస. ఉపవాసం ఉన్న మనిషి గరిటె నాకకూడదు కదా! "ఆశా, నీ నాలిక ఇట్ల తే" అని ఆమె కేకేస్తే ఇస్త్రీ పెట్టె వదిలేసి పరుగెత్తేదాన్ని. ఆమెది కడప జిల్లా. పద్నాలుగేళ్లుగా అల్ ఖౌద్‌లో ఈ ఒమానీ ఇంటి వంటమనిషి. నాది గోదావరి, వచ్చి రెండేళ్లు. వయసుకు చిన్నదాన్నే, నోరు మాత్రం పెద్దది.

పండగ వెళ్లిపోయినా ఆ కేక ఆగలేదు.

"ఇంకా ఏం ఉపవాసాలక్కా? పండగెళ్లి పదిహేను రోజులైపోలేదేంటి?" అన్నాను.

"గమ్మునుండు మే. పండగైనాక ఇంగ ఆరు రోజాలుంటాయి. నీకేం తెలుసు?"

సరేలే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఉపవాసం మాట మరిచి ఆమే టీ అడిగితే కలిపిచ్చాను. నా కప్పులోది ఒక్క గుక్క తాగగానే సింకులో ఊసేశాను. పంచదార అనుకుని ఉప్పేసి చచ్చాను! ఆమె కప్పు లాక్కుందామని వెనక్కి తిరిగితే అప్పటికే ఖాళీ. మూతి తుడుచుకుంటోంది.

నా మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. రంజాన్‌కు ముందు వచ్చిన జ్వరంతో నాలుక చచ్చిపోయిందట. ఉప్పూ తీపీ ఏదీ తెలియదట.

"యెవురికీ చెప్పాకు ఆశా. డ్రైవరు ఖాదర్‌వలికి చూపు తగ్గితే ఏం చేసినారు? వారంలో టికెట్ కొట్టి పంపించినారు. నాలిక లేని వంటమనిషిని యెవురు పెట్టుకుంటారు? ఈ పొయ్యి ఇడిసిపెట్టి యాడికి పోదును?"

నేను అంత తేలిగ్గా కరిగే మనిషిని కాను. అయినా ఏడుపొచ్చింది.

ఎవరికీ చెప్పకుండా నేనే రుచి చూస్తూ అలా నెట్టుకొస్తుండగా మేడమ్ కూతురు షైమా దిగింది. జపాన్‌లో రెండేళ్లు చదివి వచ్చేసింది. జైనబక్క చేతుల్లో పెరిగిన పిల్ల, మాతో ఉర్దూలో మాట్లాడుతుంది. వచ్చిన నాలుగో రోజు జపాన్ కోడి రెక్కలు కావాలంది. రెండుసార్లు వేయించి, తీపీ ఉప్పూ కలిసిన సాస్‌లో దొర్లించాలట. అక్కడైతే సారా లాంటిదేదో పోస్తారట, దాని బదులు ఖర్జూరపు పాకం పొయ్యమంది.

చిక్కొచ్చి పడింది. బిర్యానీలో ఉప్పయితే చెప్పగలను. పుట్టి బుద్ధెరిగి తినని జపాన్ వంటకి నా నాలుకేం చెబుతుంది? ఈ ఇంట్లో ఆ రుచి తెలిసింది అడిగిన పిల్ల ఒక్కదానికే.

రెక్కలు మాత్రం జైనబక్క అద్భుతంగా వేయించింది. దానికి చెవి చాలు. నూనె చప్పుడు సన్నబడగానే తీసేసి, చల్లారనిచ్చి మళ్లీ వేసింది. పక్క పొయ్యి మీద అల్లం, వెల్లుల్లి, సోయా సాస్, ఖర్జూరపు పాకం ఉడుకుతుంటే అలవాటు చొప్పున గుప్పెడు ఉప్పు కూడా వేసేసింది. సోయాలోనే ఉప్పుంటుందని తెలీక, అది రంగు కోసమేనని మా ఇద్దరి నమ్మకం. ఊళ్లో బండి మీద ఫ్రైడ్ రైస్‌లో వేసేది అందుకేగా! చప్పరించి చూస్తే ఉప్పు మంటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. జపాన్ వాళ్లు ఇలాగే తింటారేమో, ఎవరికి తెలుసు?

"బాగుందక్కా" అన్నాను. పాడు నోరు.

షైమా వచ్చి వేలు ముంచి నాకింది. మొహం ముడుచుకుంది. చెంచాతో తీసి జైనబక్క నోటికి అందించింది.

"బాగుంది బేటీ" అంది జైనబక్క నవ్వుతూ.

షైమా చెంచా కింద పెట్టింది. "వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. ప్రతిదీ ఆశే రుచి చూస్తోంది, అన్నిట్లో పులుపు, కారం. చెయ్యి నీదే, రుచి మాత్రం ఆశది."

గుట్టు దాచాలనుకున్న నా నాలుకే మమ్మల్ని పట్టించేసింది! జైనబక్క పొయ్యి గట్టు వదిలి షైమా చెయ్యి పట్టుకుంది. "అమ్మకు చెప్పాకు పాపా" అని తెలుగులోనే అనేసింది.

షైమా ఆ సాస్ పారబోసి, వేరే బాణలి పొయ్యి మీద పెట్టి, జైనబక్క చేతికి గరిటె ఇచ్చింది. పక్కనే నిలబడి చప్పరించింది. చిన్నప్పుడు ఇదే గట్టు మీద కూర్చుని ఆమె దగ్గర నేర్చుకున్న మాట ఒకటుంది. మేం 'కాస్త' అనేదాన్ని కడప వాళ్లు అనే మాట.

"తీపి రోంత" అంది షైమా.

జైనబక్క ఉలిక్కిపడి, పాకం పోసింది.

"సోయా రోంత. ఉప్పు వద్దు."

జైనబక్క ఏడుస్తూనే కలిపింది. వేళ్ల మధ్య తీగ సాగేదాకా ఆగి, రెక్కలు దొర్లించి, నువ్వులు చల్లింది.

భోజనాల దగ్గర మేడమ్ ఒక రెక్క తిని, "ఎన్నాళ్లకు జైనబీ వంట!" అంది.

"చెయ్యి ఆమెది, నాలుక నాది అమ్మా. జ్వరంతో ఆమెకు రుచి పోయింది. ఇకనుంచి నేను చూస్తాను" అని షైమా చెప్పేసింది.

నేను జైనబక్క చెయ్యి పట్టుకున్నాను. మేడమ్ మా వైపు చూసింది. తర్వాత రెండో రెక్క తీసుకుంది.

"రేపు డాక్టర్‌కి చూపించు. వంట మాత్రం ఆమే చెయ్యాలి" అంది కూతురితో.

వంటింట్లోకి రాగానే నాకు పట్టలేనంత సంతోషం, రవ్వంత ఉక్రోషం. "అయితే నా నాలుక డ్యూటీ పోయినట్టేనా?" అన్నాను.

జైనబక్క మిగిలిన రెక్క ఒకటి కొరికింది. కళ్లు మూసుకుని నమిలింది.

"ఎలా ఉందక్కా?"

"తీపి తెలీల్యా. ఉప్పూ తెలీల్యా. కరకర మాత్రం తెలుస్తాంది మే. ఇంగోటి ఇట్ల తే."