నలభై అయిదో గంట

మొక్కజొన్న చేల మధ్య ఉన్న వెల్బర్న్ ఊరి లైబ్రరీకి లవోన్ హ్రుస్కా ఒక్కతే ఉద్యోగి. తాళం తీసేదీ, నేల తుడిచేదీ, పుస్తకం చేతికిచ్చేదీ ఆమే. ఆ ఊళ్లో ఎవరికేం కావాలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమెకు తెలుసు. తెలుసునని రుజువు చేసుకోవడానికి మాత్రం మూడేళ్లకొకసారి నలభై అయిదు గంటలు కంప్యూటరు ముందు కూర్చుని పాఠాలు వినాలి.

నలభై నాలుగు పూర్తయ్యాయి. చిరిగిన అట్టలు అతికించడం ఆరు గంటలు. కోపంతో వచ్చినవారిని చల్లబరచడం నాలుగు గంటలు. ఊళ్లో కోపిష్ఠి ఒక్కడే, అతను లైబ్రరీకి రాడు. ఎవరేం చదివారో బయటపెట్టకుండా ఉండడం రెండు గంటలు. మిగిలిన ఒక్క గంటా ఆ మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు. సాయంత్రం అయిదుకు గడువు తీరుతుంది. తీరితే గుర్తింపు పత్రం పోతుంది, దానితోపాటు ఉద్యోగమూ పోవచ్చు.

ఆ పాఠం పేరు ‘పాఠకుని మాట మనసు పెట్టి వినడం’.

వింటున్నవారు నిజంగా అక్కడున్నారో లేదో కనిపెట్టడానికి మధ్యలో మూడుసార్లు, చెప్పాపెట్టకుండా, తెర మూల ‘ఉన్నారా?’ అంటూ ఒక పచ్చ మీట వెలుగుతుంది. నిమిషంలోగా నొక్కాలి. ఒక్కసారి తప్పినా ఆ గంట లెక్కలోకి రాదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ జీవితాలు గడిపినవారున్నారు. ఇక్కడ వేలి కొస చాలు.

రెండుసార్లు నొక్కింది. రెండూ నలభైకి డెల్మర్ వోసికా వచ్చాడు. డెబ్బై ఆరేళ్ల రైతు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“పనిలో ఉన్నట్టున్నావు తల్లీ.”

“పాఠం వింటున్నానండీ. చెప్పండి డెల్మర్ గారూ.”

“ఈ వయసులోనా?”

“చదువుకోకపోతే పీకేస్తారట.”

“మా కుక్క చెవిన పడనివ్వకు. అది ఏ చదువూ లేకుండానే ఇరవై ఆవుల్ని కాస్తోంది.” నవ్వలేదు. “బావుల మీద పుస్తకమేదైనా ఉందా?”

ఉంది. తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని తిరగేసి చూశాడు, వాన లేదన్నాడు, కదలలేదు. ఆమె ఒక చెవిలో పాఠం చెప్పే గొంతు సాగుతూనే ఉంది: ‘పాఠకుడు మొదట అడిగేది అసలు ప్రశ్న కాదు. అసలుది వెనకాల వస్తుంది. తొందరపెట్టకండి. చూపు మరల్చకండి.’

అతని మాట సరిగా వినబడడం లేదని లవోన్ చెవిలోని తీగను పీకి బల్ల మీద పెట్టింది.

“బావి పూడిపోయిందా?”

“బావికేం, నిక్షేపంగా ఉంది. తమ్ముడే పోయాడు. ఆదివారం.”

తమ్ముడు లేలండ్. ఇద్దరి పొలాల సరిహద్దు మీదున్న ఆ బావి ఎవరిదన్న తగువుతో అన్నదమ్ములకు పందొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

“పేపరు వాళ్లు వాడి గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. నాలుగింటికల్లా ఇవ్వాలి. వాడికేమంటే ఇష్టమో రాయాలట. నాకు…”

తెర మూల పచ్చగా వెలిగింది. మౌస్ జానెడు దూరంలో ఉంది. చూపు అటు తిరిగితే అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోతాడని ఆమెకు తెలుసు. కదలలేదు. అది మంచితనమా, మొండితనమా, లేక ఇరవై ఎనిమిదేళ్ల అలవాటా అని తర్వాత తనను తాను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా తేలలేదు.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు డెల్మర్.

పచ్చ వెలుగు ఆరిపోయింది.

అతని చేతిలోని పుస్తకాన్నే లేలండ్ మూడుసార్లు తీసుకెళ్లాడు. ఆ సంగతి చెప్పకూడదని ఆమె రెండు గంటలు నేర్చుకుంది. చెప్పదగింది చెప్పింది. “ఆ కిటికీ దగ్గర కూర్చునేవారు. తన నడుం నొప్పి మీద తనే జోకులేసుకునేవారు. పెద్ద నవ్వు.”

“నవ్వు పెద్దదే. చిన్నప్పుడు చర్చిలోంచి గెంటేశారు, దాని మూలాన.” టోపీ బల్ల మీద పెట్టాడు. “అది రాయొచ్చా?”

“అదే రాయండి.”

అక్కడే కూర్చుని ఇద్దరూ రాశారు. అతను వెళ్లాక తెర చూసింది. ‘మీరు గైర్హాజరయ్యారు. కారణం తెలపండి.’ పాఠకుడు వచ్చాడని రాసింది. జవాబు వెంటనే వచ్చింది: ‘ఈ కారణం జాబితాలో లేదు.’

సాయంత్రం లైబ్రరీ కమిటీ అధ్యక్షురాలు మెర్నా ఫోన్ చేసింది.

“కునుకు తీశావా ఏమిటి లవోన్?”

“లేదు. ఇక్కడే ఉన్నాను.”

“ఇక్కడుండి ఏం లాభమే, అక్కడుండాలి గానీ. మూడు వారాల్లో అదే పాఠం మళ్లీ ఉందట. బతిమాలి గడువు పెంచించాను. అప్పటిదాకా నీ పేరు ముందు ‘తాత్కాలిక’ అని ఉంటుంది. ఈసారి తలుపేసుకుని కూర్చో. మళ్లీ తప్పితే నా చేతుల్లో ఏమీ లేదు.”

మూడు వారాల తర్వాత లవోన్ తలుపు మీద కాగితం అంటించింది: ‘పాఠకుల మాట వినడం నేర్చుకుంటున్నాను. దయచేసి మూడింటి తర్వాత రండి.’ లోపల గడియ వేసుకుంది.

రెండూ యాభైకి డెల్మర్ పికప్పు బండి వచ్చి ఆగింది. అద్దం తలుపు ఆవల నిలబడి అతను కాగితం చదివాడు, రెండోసారీ చదివాడు. వెళ్లి బండిలో కూర్చున్నాడు. ఇంజను ఆపలేదు. లవోన్ లేవబోయింది. తెర మూల పచ్చగా వెలిగింది. కూర్చుంది, నొక్కింది. తలెత్తేసరికి బండి లేదు.

మూడింటికి పత్రం అచ్చయి వచ్చింది: ‘పూర్తి సమయం హాజరు.’ గడియ తీసి బయటికి వచ్చింది. పుస్తకాలు వేసి వెళ్లే పెట్టెలో బావుల పుస్తకం ఒక్కటే ఉంది. దాన్ని తిరిగివ్వడానికింకా వారం గడువుంది. గడువు నాటికి తప్ప డెల్మర్ ఏనాడూ పుస్తకం తిరిగి తెచ్చినవాడు కాడు.

అతను ఈసారి ఏమడగడానికి వచ్చాడో ఆమెకు తెలియదు. గాలి లేదు, దారి చివర బండి లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. పుస్తకం పట్టుకుని, అది అణిగేదాకా నిలబడింది.